కారవాన్ కుక్క బక్కగా ఉంటే జబ్బు అనుకోకండి

హోస్ట్: నమస్కారం. బాసర దాటి నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వచ్చాం. ఇక్కడి మిర్చి మార్కెట్లో మరాఠీతో పాటు తెలుగూ వినిపిస్తుంది. వేటకు వాడే పరుగు జాతి కారవాన్ కుక్కలను ఎవరైనా వదిలేస్తే చేరదీసే అన్నతో మాట్లాడదాం. అన్నా, ఈ కుక్క మరీ బక్కగా ఉందే?

అన్న: అందరూ అదే అడుగుతారు తమ్ముడూ, తిండి పెట్టట్లేదా అని. నడుము ఎముకలు పైకి కనిపిస్తాయి, కడుపు లోపలికి ఉంటుంది. ఈ జాతి ఒంటి తీరే అంత. ఇలా వెన్ను మీద చెయ్యి వెయ్యి. ఎముకకు అటూ ఇటూ కండ గట్టిగా తగులుతోందా? అక్కడ గుంట పడి, తొడ కండ కరిగితే అప్పుడు భయపడాలి. బొద్దుగా కనిపించాలని అన్నం కుక్కి పెడితే కీళ్ళు పాడవుతాయి.

హోస్ట్: కర్ణాటకలోని ముధోల్ పేరుతో పిలిచే ముధోల్ హౌండ్ అంటే ఇదేనా?

అన్న: ఇదే. కుక్క జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వాళ్ళు దీన్ని కారవాన్ హౌండ్ అంటారు. మగదానికి ఎత్తు 68 నుంచి 72 సెంటీమీటర్లు ఉండాలి. 2005లో పోస్టల్ స్టాంపు కూడా వచ్చింది. 2020లో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాక కుక్కపిల్లల కోసం అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కొందరు వేగం కోసం గ్రేహౌండ్ అనే విదేశీ పరుగు కుక్కతో దాటించి, అసలు జాతి అని అమ్ముతున్నారు. నాకు కడుపు మండేది అక్కడే.

హోస్ట్: మీ దగ్గరికి ఎలాంటివి వస్తాయి?

అన్న: ఎక్కువగా వేటకు వాడి వదిలేసినవే. కుందేళ్ళ వేట 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం, అయినా చాటుగా సాగుతోంది. కాలు విరిగినా, వయసు మీద పడినా రోడ్డు మీద వదిలేస్తారు. వీటి చర్మం పలుచన. తుమ్మ ముల్లు గీసుకున్నా చీరుకుపోతుంది. గోమార్లు, అంటే పిడుదులు, కుడితే వచ్చే జ్వరం ఇంకో బాధ. కుక్క తిండి మానేసి, ముక్కు నుంచి రక్తం కారితే ఇంటి వైద్యం వద్దు, ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.

హోస్ట్: ఆపరేషన్ అంటే మీకు టెన్షన్ అట?

అన్న: మత్తు గురించి. ఒంట్లో కొవ్వు తక్కువ కదా, థయోపెంటోన్ లాంటి మత్తుమందు ఇస్తే ఇలాంటి పరుగు కుక్కలు తొందరగా తేరుకోవు. అందుకే డాక్టరుకు ముందే జాతి చెప్పాలి. బరువొక్కటే చూసి మందు లెక్క కడితే ప్రాణం మీదికి వస్తుంది.

హోస్ట్: దారిలో ఇలాంటి కుక్క కనిపిస్తే?

అన్న: వెంటపడొద్దు. మనిషి దాన్ని అందుకోలేడు, అది బెదిరి హైవే మీదికి పోతుంది. గేటున్న ఆవరణలోకి తిండితో రప్పించి, గేటు వేసి పక్కకు తిరిగి కూర్చోవాలి. మామూలు మెడపట్టా వెయ్యకండి. తల సన్నం కాబట్టి వెనక్కి గుంజితే ఊడిపోతుంది. లాగితే కాస్త బిగిసే వెడల్పు పట్టా కావాలి.

హోస్ట్: మేకలున్న ఇంటికి ఇస్తారా?

అన్న: ముందు మేకల దగ్గరికి పట్టాతో తీసుకెళ్ళి చూస్తాను. కళ్ళు వాటి మీదే నిలిచిపోతే ఇవ్వను. ప్రహరీ ఎత్తుగా ఉండి, రోజూ పరిగెత్తించే మనిషి ఉన్న ఇల్లు దొరికేదాకా నా దగ్గరే ఉంటుంది.