సరుకు కంటే ముందు కాగితం

శ్రోతలందరికీ నమస్కారం.

మనం బెంగళూరులో ఉన్నాం. పిల్లలు సముద్రం చూస్తామంటే చెన్నైకో విశాఖకో రైలెక్కాలి. అయినా ఈ ఊళ్లో కుట్టిన బట్టలు, ఇక్కడ తయారైన యంత్రాల భాగాలు ఓడలెక్కి ఎక్కడెక్కడికో వెళ్తున్నాయి. వైట్‌ఫీల్డ్‌లో కంటైనర్ డిపో ఉంది కదా, కస్టమ్స్ పని అక్కడే అయిపోతుంది. కాగితాలు చూస్తారు, పెట్టెకు సీలు పడుతుంది, పెట్టె రైలెక్కుతుంది. బంగారపేట దాటి, మన కుప్పం మీదుగా, జోలార్‌పేట మీదుగా చెన్నై హార్బర్‌కు చేరుతుంది. మూడు రాష్ట్రాల నేల. దారిలో ఎవరూ ఆపి తలుపు తియ్యమనరు.

అదే కుప్పం దగ్గర ఒక దేశం సరిహద్దు, జోలార్‌పేట దగ్గర ఇంకో దేశం సరిహద్దు ఉన్నాయనుకోండి. ప్రతి చోటా ఆగాలి. ప్రతి చోటా కాగితాలు, మళ్లీ సీలు, మళ్లీ డబ్బు. సముద్రం లేని వర్ధమాన దేశాలు ప్రపంచంలో 32 ఉన్నాయి. 50 కోట్లకు పైగా జనం. వాళ్ల రోజువారీ కష్టం ఇదే. వాళ్లలో మనకు పక్కింటివాళ్లు నేపాల్.

మా బాబాయి విశాఖ పోర్టులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర, అంటే వ్యాపారుల తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టేవాళ్ల దగ్గర, 30 ఏళ్లు పనిచేశారు. నేపాల్ సరుకు సంగతి నాకు మొదట చెప్పింది ఆయనే. నేపాల్‌కు విదేశీ సరుకు ఏళ్ల తరబడి కోల్‌కతా మీదుగానే వచ్చేది. కోల్‌కతా నుంచి నేపాల్ సరిహద్దులోని బీర్‌గంజ్‌కు సుమారు 700 కిలోమీటర్లు. విశాఖ నుంచి అయితే సుమారు 1,400. రెట్టింపు! అయినా విశాఖ నుంచి కూడా తెచ్చుకుంటామని నేపాల్ అడిగింది. 2016లో రెండు దేశాలూ ఒప్పుకున్నాయి, 2017లో విశాఖ నుంచి బీర్‌గంజ్‌కు మొదటి కంటైనర్ రైలు కదిలింది.

“రెట్టింపు దూరం ఎందుకు బాబాయ్?” అని అడిగాను.

“దూరానికి ఖర్చు ఎంతో ముందే తెలుస్తుందిరా. ఆగినదానికే తెలీదు,” అన్నారు.

కోల్‌కతాది నది ఒడ్డు పోర్టు, లోతు తక్కువ. పెద్ద ఓడలు రాలేవు. కొలంబోలోనో సింగపూర్‌లోనో సరుకు దించి, చిన్న ఓడలోకి మార్చి తేవాలి. విశాఖలో లోతు ఉంది, పెద్ద ఓడ నేరుగా వస్తుంది. ఇది ఒక కారణం. రెండోది కాగితం. పాత పద్ధతిలో నేపాల్ వ్యాపారి తరఫున ఏజెంటు పోర్టులో ట్రాన్సిట్ డిక్లరేషన్, అంటే ఈ సరుకు మన దేశం దాటి వెళ్లేదని చెప్పే కాగితం, వెయ్యాలి, దాన్ని అక్కడ సరిచూడాలి, సరిహద్దులో మళ్లీ సరిచూడాలి. పెట్టె ఓడ కంపెనీది. ఖాళీ పెట్టె గడువులోగా తిరిగి రాకపోతే రోజుకింత అని డిటెన్షన్ చార్జీ పడుతుంది. ఆ డబ్బు ఎవరు కడతారు? వ్యాపారి కట్టడు. కాఠ్మాండూలో సబ్బో, మందు సీసానో కొనుక్కునే ఇల్లాలు కడుతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

తర్వాత ఎలక్ట్రానిక్ తాళం వచ్చింది. పెట్టెకు వేసే ఈ తాళంలో జీపీఎస్ ఉంటుంది. పెట్టె ఎక్కడుందో కస్టమ్స్‌వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. దారిలో ఎవరైనా తెరిస్తే వెంటనే కబురు వెళ్తుంది. అందుకని పోర్టులో ఆ పాత తంతు తగ్గింది. బీర్‌గంజ్‌లో డ్రై పోర్టు ఉంది, అంటే నీళ్లు లేని రేవు. రైలు నేరుగా అక్కడికే వెళ్తుంది. పెట్టె దారిలో ఉండగానే దాని వివరాలు ముందు వెళ్లిపోతాయి. సరుకు కంటే ముందు కాగితం చేరాలి. ఈ మాట మళ్లీ చెప్తాను: సరుకు కంటే ముందు కాగితం చేరాలి.

ఆఫ్రికాలో రువాండావాళ్లు చేసిందీ ఇదే. వాళ్ల సరుకు కెన్యాలోని మొంబాసా రేవులో దిగి, ఉగాండా దాటి రావాలి. సుమారు మూడు వారాలు పట్టేది. పన్ను లెక్క సరుకు రేవులో ఉండగానే తేల్చుకోవడం మొదలుపెట్టాక ప్రయాణం వారంలోపుకు వచ్చింది.

సముద్రం లేని దేశానికి పొరుగు నేల మీదుగా సముద్రం చేరే హక్కు ఉందని 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం చెప్తోంది. 2017లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమూ దారి సులభం చెయ్యమంటోంది. కాగితం మీద హక్కు ఉంటే చాలదు కదా, గేటు దగ్గర పెట్టె కదలాలి.

ఆ గేటు గురించే ఒక్క మాట. నేనూ ఎగుమతి కాగితాలు రాసే పనిలోనే ఉన్నాను. ఒకసారి మా కంటైనర్ ఒక యార్డు గేటు దగ్గర మూడు రోజులు ఆగింది. ఒక కాగితంలో నంబరు పూర్తిగా ఉంది, ఇంకోదాంట్లో చివరి అంకె లేదు. అంతే. ఆ మూడు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. పెట్టె మీద ఏడో అంకె సాధారణంగా చిన్న గడిలో విడిగా కనిపిస్తుంది. అది అలంకారం అనుకుని చాలామంది వదిలేస్తారు. ముందున్న పది గుర్తుల్నీ లెక్కకట్టి తేల్చిన అంకె అది. ఎక్కడైనా ఒక అక్షరం, ఒక అంకె తప్పు రాస్తే సాధారణంగా పట్టిచ్చేది అదే. మీ ఇంట్లో ఎవరైనా పీణ్యాలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఈ పని చేస్తుంటే ఇది చెప్పండి. ఇన్‌వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్టులో, బిల్లులో, అన్నిటిలో పదకొండూ రాయాలి. లారీ గేటు దాటకముందే ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు పెట్టె మీద చూసి టిక్కు పెట్టాలి. మా బాబాయి వాళ్లు ఆ పనికి ఎప్పుడూ ఇద్దర్ని పెట్టేవారు.

సెలవు. నమస్కారం.