మూడు ఏనుగు దుడ్లు: పాత రాగి నాణేన్ని చూడడం ఎట్లా?

నమస్కారం అండీ. అనంతపురంలో మా ఇంటి కిటికీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాను. పొద్దున ఎండ ఏటవాలుగా లోపలికి పడతాంది. ఈ రోజు మనకు కావాల్సిన వెలుతురు అదే.

మన పక్క డబ్బుల్ని ఇప్పటికీ దుడ్లు అంటాం గదా. ఆ దుడ్డు ఒకప్పుడు రాగి నాణెం పేరు. ఇదిగో, ఈ నల్లబట్ట మీద అట్లాంటివి మూడు పెట్టినాను. మూడింటి మీదా ఏనుగు బొమ్మే. మూడూ విజయనగరం దేవరాయల కాలానివి, అంటే 15వ శతాబ్దంవి. ఒకటి మా జేజి, అంటే నాయనమ్మ, దేవుడి గూట్లో ఉండింది. తక్కిన రెండూ నేను కొన్నవి. వీటిలో ఏది బాగుందో చెప్పండి అంటే చూసినోళ్ళంతా జేజి దుడ్డునే చూపిస్తారు. అది ఒక్కటే మెరుస్తాంది కాబట్టి. నా లెక్కలో మూడింట్లో బాగా దెబ్బతిన్నది అదే. ఎందుకో చూద్దాం.

ఇప్పటి రూపాయి బిళ్ళలన్నీ యంత్రంలోంచి ఒకేలా బయటికి వస్తాయి. కాబట్టి దాని మీద ఏది కనపడకపోయినా అరిగిపోయిందని చెప్పేయొచ్చు. వీటికి ఆ లెక్క పనికిరాదు. రాగిని ముక్కలుగా కోసి, కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు పెట్టి, నడుమ ముక్కను ఉంచి సుత్తితో కొట్టినారు. అచ్చేమో పెద్దది, ముక్కేమో చిన్నది. దెబ్బ పడినప్పుడు ముక్క ఎటు జరిగి ఉంటే ఆ వైపు బొమ్మ మాత్రమే దాని మీదికి వచ్చింది. తొండం ఒకదాని మీద, తోక ఇంకొకదాని మీద. బంగారు వరహా అయితే తూకంలో చాలా జాగ్రత్త పడినారు, 3.4 గ్రాముల దగ్గర్లో ఉంటుంది. రాగికి అంత ఓపిక పెట్టలేదు. ఒకే రకం దుడ్డు రెండు తూస్తే రెండు తూకాలు వస్తాయి. దాన్ని చూసి నకిలీ అనుకోవద్దు.

అందుకే పాత దుడ్డును చేతిలోకి తీసుకోగానే నేను అడిగేది ఒకటే. ఇక్కడ లేనిది ఎవరు తీసేసినారు? నాణెం కొట్టిన టంకశాలా, మనుషుల చేతులా, మన్నా?

రెండో దుడ్డు చూడండి. అంచులు పట్టుకుని ఎత్తుతాను, ముఖం మీద వేలు పెట్టను. వేలి చెమటలో ఉప్పు రాగిని తింటుంది. ఏనుగు తల పూర్తిగా ఉంది, వెనక కాళ్ళు లేవు. సగం ఏనుగే. అయితే ఉన్న సగంలో కన్ను కూడా తెలుస్తాంది. ఇప్పుడు బోసిగా ఉన్న వైపును కిటికీ వైపు వంచుతాను. గరుకుగా ఉంది గదా? అది కొట్టకముందు ఆ రాగి ముక్కకు ఉన్న పైచర్మం. అచ్చు అక్కడిదాకా అందనే లేదు. తిప్పి చూస్తే వెనక కూడా సరిగ్గా అదే చోట అక్షరాలు పలుచగా ఉన్నాయి. ముక్క అక్కడ సన్నగా ఉంటే రెండు అచ్చులూ సరిగా నొక్కలేవు. రెండు వైపులా ఒకే చోట లోపం ఉంటే అది టంకశాల పనే. ఇది అరుగుదల కాదు. ఈ దుడ్డు పెద్దగా చేతులు మారలేదనే అర్థం.

జేజి దుడ్డు దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అచ్చు నడిమధ్యన పడింది, ఏనుగు మొత్తం బిళ్ళ మీదే ఉంది, నీడలా ఉంది. ఎత్తుగా ఉండాల్సిన వీపు, తల, అన్నీ చదునై నునుపుగా ఉన్నాయి. అక్షరాల గట్లు గుండ్రంగా కరిగిపోయినాయి. దీన్ని అరగదీసింది అంగడి కాదు, మా ఇల్లే. ప్రతి వరలక్ష్మీ వ్రతానికీ చింతపండు, బూడిద వేసి తోమి, పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు నేనూ తోమినాను. ఎంత మెరిస్తే అంత భక్తి అనుకునేవాళ్ళం. చింతపండు పులుపు పైపొరను తినేస్తుంది, బూడిద గీకేస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత రాగి ఇట్లా గులాబీ రంగులో కనిపించిందంటే దాని పాత చర్మం పోయిందనే. అది తిరిగి రాదు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు చాలా బాధేసింది.

కాబట్టి దయచేసి తోమొద్దు. నిమ్మకాయ వద్దు, చింతపండు వద్దు, చెంబులు తోమే పొడి వద్దు. మన్ను అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రోజుల తరబడి నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, మెత్తబడిన మన్నును పళ్ళు కుట్టుకునే పుల్లతో మెల్లగా తీయండి. తర్వాత బాగా ఆరబెట్టండి. అంతే. వెండి, బంగారం సంగతి వేరే, రాగికి మాత్రం చేయి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

మూడో దుడ్డును మన్ను తినింది. పచ్చగా ఉందని భయపడాల్సిన పని లేదు. ముదురు పచ్చ, గోధుమ రంగు పొర గట్టిగా, నున్నగా ఉంటే అది నాణేనికి కవచం లాంటిది. తెలిసినోళ్ళు ఆ పొరకే ఎక్కువ ఇస్తారు. భయపడాల్సింది లేత పచ్చ పొడికి. పుల్లతో తాకితే రాలుతుంది, కింద గుంట కనిపిస్తుంది. రాగిలోకి ఉప్పు చేరి, తేమ తగిలినప్పుడల్లా లోపలికి తింటూ పోయే జబ్బు అది. నా దుడ్డుకు ఇదిగో, తొండం కింద ఆ మచ్చ ఉంది. అందుకే దీన్ని వేరే డబ్బీలో, సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టినాను. తక్కినవాటితో కలిపి పెట్టలేదు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కూడా వాడొద్దు, కొన్నాళ్ళకు జిగురు వదిలి నాణేన్ని పచ్చగా చేస్తాయి.

ఇంకో మాట. ఏనుగు కనపడగానే దేవరాయలదే అని తేల్చొద్దు. మన జిల్లాలో ఇది తరచూ జరిగే పొరపాటు. టిప్పు సుల్తాన్ పైసా మీదా ఏనుగే. గుత్తిలో ఆయన టంకశాల ఉండింది, ఊరికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టినాడు, నాణెం వెనక ఆ పేరే పారశీ లిపిలో ఉంటుంది. మైసూరు మూడో కృష్ణరాజ ఒడెయరు దుడ్ల మీదా ఏనుగు ఉంది, పైన శ్రీ అని ఉంటుంది. దేవరాయల వాటి వెనక నాగరిలో గానీ కన్నడంలో గానీ అక్షరాలు ఉంటాయి. టిప్పు పైసా పూర్తిది 11 గ్రాములు దాటుతుంది, చేతిలో పెడితేనే తెలిసిపోతుంది, కానీ దాని పావు భాగం నాణెం మన దుడ్డంతే ఉంటుంది. అప్పుడు వెనక లిపి ఒక్కటే దారి. అందుకే ముందు వెనక్కి తిప్పండి, ఏనుగును తర్వాత చూడొచ్చు. అదే ముఖ్యం. లిపి బిళ్ళ మీదికి పూర్తిగా వచ్చిన దుడ్డు, ఏనుగు పూర్తిగా వచ్చిన దుడ్డు కంటే నాకు విలువైంది. ఏనుగు అన్నిటి మీదా ఉంటుంది, రాజు పేరు కొన్నిటి మీదే మిగులుతుంది.

వెండికీ ఇదే లెక్క. ఆదోనిని ఔరంగజేబు పట్టుకున్నాక ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చి అక్కడ రూపాయలు కొట్టించినాడు. ఆ పేరున్న భాగం అంచు దాటి బయటికి పోతే అది మామూలు మొఘల్ రూపాయి. పేరు బిళ్ళ మీద నిలిస్తే ఆదోని రూపాయి. షరాబులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు, వెండిని పరీక్షించి కొట్టిన చిన్న ముద్రలు రూపాయి మీద ఉంటే ధర తగ్గుతుంది. నాకు మాత్రం అవి ఇష్టమే.

నకిలీల గురించి. ఎవరైనా మీకు రెండు నాణేలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నవి చూపిస్తే, అంచు పగులు కూడా ఒకే చోట ఉంటే, రెండూ పోత పోసినవే. చేత్తో కోసి చేత్తో కొట్టినవి అట్లా రావు. పోత నాణెం అంచు చుట్టూ సన్నటి గీత, ముఖం మీద సూదిమొన అంత బుడగల గుంటలు ఉంటాయి. అక్షరాలు సబ్బు మీద రాసినట్టు మెత్తగా ఉంటాయి. సుత్తి దెబ్బ తిన్న రాగికి అంచు చీలుతుంది, ఆ చీలిక లోపల కూడా పాత రంగే ఉండాలి.

ధర అడుగుతారు, చెబుతాను. సాధారణ ఏనుగు దుడ్లు వందల రూపాయల్లోనే అమ్ముడుపోతాయి. అమ్మేవాళ్ళు రాసుకున్న ధర చూడొద్దు, వేలంలో నిజంగా ఎంతకు పోయిందో అది చూడండి, అదీ మీ నాణెం లాంటి స్థితిలో ఉన్నదాన్ని పక్కన పెట్టుకుని. లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని ఫోన్ వస్తే పెట్టేయండి. రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించింది, పాత నాణేల కొనుగోలు, అమ్మకం తాము చేయమని, ఎవరికీ ఆ పేరుతో ఫీజు వసూలు చేసే అధికారం ఇవ్వలేదని.

వజ్రకరూరు, జొన్నగిరి పక్క తొలకరి వానకు చేలల్లో వజ్రాలు వెతుకుతారు. కోటల పక్క చేలల్లో దుడ్లూ బయటపడతాయి. పెనుకొండ గానీ గండికోట గానీ, రక్షిత కట్టడాల్లో తవ్వడం నేరం. మన్నులో దాచిన నిధి దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నిధుల చట్టం చెబుతాంది. అది ఇప్పటికీ అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన నాణేన్ని దేశం బయటికి పంపడానికి 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. కొనేటప్పుడు ఎక్కడిది అని అడగండి, రసీదు తీసుకోండి.

చివరగా ఒక చిన్న కాగితం కవరు తీసుకోండి, నాణెం లోపల పెట్టకముందే దాని మీద రాయండి. జేజి దుడ్డు కవరు మీద నేను రాసింది చదువుతాను: "రాగి. 3.1 గ్రాములు. ముందు ఏనుగు, పూర్తిగా ఉంది, బాగా అరిగింది. వెనక నాగరి, పై వరస మాత్రమే తెలుస్తుంది. జేజి దేవుడి గూటిలోది. చాలా ఏళ్ళు చింతపండుతో తోమినాము. ఇక తోమకూడదు."