మైసీలియం ఇటుక కిట్: సంచి బంగారం, అచ్చుతోనే పేచీ

నమస్కారం అండి. మైసీలియం అంటే పుట్టగొడుగుల వేళ్లలాంటి తెల్లటి దారాలు, వాటితో ఇంట్లోనే ఇటుక పెంచుకునే కిట్ ఇది. కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. ధర, బరువు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

దీన్ని కుండీలు చేసుకునే సరదా కిట్ అనుకోకండి. 2014లో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 అనే ఆర్ట్ మ్యూజియం ఆవరణలో 'ద లివింగ్' అనే ఆర్కిటెక్చర్ స్టూడియో 'హై-ఫై' అనే టవర్ కట్టింది ఈ రకం ఇటుకతోనే. మొక్కజొన్న చొప్పలో పుట్టగొడుగు దారాలు అల్లుకునేలా పెంచిన ఇటుకలు, దాదాపు 10,000. కింద సందుల్లోంచి చల్లగాలి లోపలికొస్తుంది, వేడిగాలి పైనుంచి పోతుంది. ఇంత తేలిక ఇటుక అంత ఎత్తు లేచిందంటే ఆ ఘనత చాలావరకు వంపు తిరిగిన గోడలదే. ప్రదర్శన అయ్యాక ఇటుకల్ని కంపోస్టు చేసేశారు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి!

ఇక కిట్. మైసీలియం కలిపిన చొప్ప ఒక సంచిలో వస్తుంది, అందులో 3 కప్పుల నీళ్లు, 4 టేబుల్ స్పూన్ల మైదా వేయాలి. నాలుగైదు రోజుల్లో తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు పొడిపొడిగా విడగొట్టి, మళ్లీ మైదా కలిపి అచ్చులో నింపాలి. మైదా ఉండలు కట్టకూడదు, ఉండ ఉన్నచోటే ఆకుపచ్చ బూజు మొదలవుతుంది. అది కనిపిస్తే సంచి ఇంట్లో విప్పకండి, అలాగే మూసి పారేయండి.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఈ అచ్చు చూసే. లోతైన ప్లాస్టిక్ డబ్బా, గట్టి మూత, ఒక్క రంధ్రం లేదు! మైసీలియానికి గాలి కావాలి కదండీ. ఇదిగో, ఇటుక కోసి చూపిస్తున్నా: అంచున రెండు సెంటీమీటర్లు తెల్లగా, గట్టిగా ఉంది. నడుమంతా చొప్ప రంగే, వేలితో గీకితే రాలిపోతోంది. ఇంతకుముందు రివ్యూ చేసిన కిట్‌లో అసలు అచ్చే ఇవ్వలేదు, అదే నయం. ఐస్‌క్రీమ్ డబ్బా తీసుకుని, కాల్చిన మేకుతో పక్కలకీ మూతకీ మూడేసి సెంటీమీటర్లకో రంధ్రం పెట్టండి. మందం ఐదారు సెంటీమీటర్లు దాటనివ్వకండి. స్పిరిట్‌తో తుడిచాకే నింపండి.

మన మే నెల ఎండల్లో మొదలుపెట్టొద్దు. 25 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, 40 దగ్గర చచ్చిపోవచ్చు. డిసెంబరు, జనవరి మంచిది.

ఆరబెట్టడం గురించి కిట్‌తో ఇచ్చిన కాగితంలో ఒక్క లైనే రాశారు, అది చాలదు. ఎండ సరిపోదు, లోపల ప్రాణం మిగిలితే మళ్లీ పుట్టగొడుగులు లేస్తాయి. ఒక రోజు ఫ్యాను కింద పెట్టి, తర్వాత 90 డిగ్రీల ఒవెన్‌లో పెట్టండి. అరగంటకోసారి తూకం వేయండి, వరసగా రెండుసార్లు బరువు తగ్గకపోతే ఆరినట్టే.

నా మాట: కొనండి. ఇన్‌స్టలేషన్ నమూనాలు చేసే విద్యార్థులైతే తప్పకుండా కొనండి, ఈ మెటీరియల్ అంత బాగుంది. కానీ వానలో తడిసేచోట పెట్టకండి, బరువు మోయించకండి. అచ్చు మాత్రం మార్చండి అని కంపెనీవాళ్లకి ఈ వీడియో కిందే కామెంట్ పెట్టండి, వాళ్లు చదువుతారు.