కదిలే వృత్తంలో తిత్లీ

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. పైథాన్ భాషలో గ్రాఫులు, పటాలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌లో బొమ్మల్ని కదిలించడం గురించి చెప్పమన్నారు. జాన్ హంటర్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ 2003లో బయటికొచ్చింది. ఆయన 2012లోనే పోయారు. ఆయన గురించి చాలా చెప్పాలని ఉంది గానీ, ముందు తిత్లీ తుపాను సంగతి చెప్పనివ్వండి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది మన పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ముందురోజు ఉద్దానంలో ఉన్న మా అమ్మకి ఫోన్‌లో తుపాను దారి పటం పంపాను. నిండా చుక్కలు, వాటిని కలుపుతూ గీత. "ఇదేటిరా? ఇప్పుడెక్కడుంది? రాత్రికెక్కడుంటాది?" అనడిగింది. ఫోన్‌లో ఎంత చెప్పినా అర్థం చేయించలేకపోయాను. తెల్లారేసరికి మా కొబ్బరి చెట్లు సగం నేల మీదున్నాయి. పటం అర్థమైనా చెట్లు నిలిచేవి కావు, నిజమే. కానీ ఆ రాత్రంతా అమ్మ పడ్డ టెన్షన్ ఉందే, అది నన్నిప్పటికీ వదల్లేదు.

అందుకే ఆ దారిని కదిలించాలని కూర్చున్నాను. మొదట ప్రతి ఫ్రేముకీ, అంటే కదిలే బొమ్మలోని ఒక్కో బొమ్మకీ, తుపానుకి గుర్తుగా కొత్త వృత్తం గీశాను. పాతవి చెరగవు కదా, పటమంతా నిండిపోయింది. అలా చెయ్యకండి. వృత్తాన్ని ఒక్కసారే గీసి యాడ్-ప్యాచ్ అనే ఆదేశంతో పటానికి చేర్చండి. మాట్‌ప్లాట్‌లిబ్‌లో బొమ్మని కదిలించే ఫంక్-యానిమేషన్ ప్రతి ఫ్రేముకీ మీరు రాసిన ఫంక్షన్‌ని పిలుస్తుంది. అందులో ఆ వృత్తం కేంద్రాన్ని మాత్రం మార్చండి. తుపాను స్థానాలు గంటల తేడాతో దొరుకుతాయి కాబట్టి, మధ్య విలువల్ని లెక్కల లైబ్రరీ నంపైలోని ఇంటర్ప్ అనే ఫంక్షన్ ఇస్తుంది. లేకపోతే వృత్తం నడవదు, గెంతుతుంది. రెండు అక్షాల కొలత సమానంగా పెట్టకపోతే కోడిగుడ్డులా సాగిపోతుంది కూడా.

వెనక బెంచీల వాళ్లు ఇది రాసుకోండి! ఫంక్-యానిమేషన్ ఇచ్చినదాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకోండి. దాచకపోతే పైథాన్ దాన్ని చెత్త కింద ఏరేస్తుంది, బొమ్మ కదలదు. ఒక బడిలో తెర ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, కదలని వృత్తాన్ని చూపించి వచ్చాను. తప్పెక్కడుందో ఇంటికెళ్లాక గాని తెలియలేదు.

పిల్లో అనే లైబ్రరీ సాయంతో జిఫ్‌గా, అంటే కదిలే బొమ్మ ఫైలుగా, సేవ్ చేసి అమ్మకి పంపాను. వృత్తం తీరానికొచ్చేసరికి "ఇక్కడాపు" అంది. అది ఆగదమ్మా అన్నాను. మళ్లీ మొదట్నుంచి చూసింది.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఈ వారం దాని దారిని కదిలించండి. నాకు తర్వాత చూపిద్దురు గాని, ముందు మీ ఇంట్లో అమ్మమ్మకి చూపించండి. ఆవిడ ఏ ప్రశ్న అడిగిందో రాసి పట్రండి.