గ్రెగరీకి తెలియని గ్రెగోరియన్ గానం

నమస్కారం. మధ్యయుగపు కాథలిక్ చర్చిలో వాద్యాల తోడు లేకుండా, లాటిన్‌లో, అందరూ ఒకే వరసలో గొంతు కలిపి పాడిన ప్రార్థనా గానానికి గ్రెగోరియన్ గానమని పేరు. 590 నుంచి 604 వరకు పోప్‌గా ఉన్న మొదటి గ్రెగరీయే దీనికి కర్త అని చాలాకాలం నమ్మారు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠంలో సుమారు 1000వ సంవత్సరంలో హార్ట్‌కర్ అనే సన్యాసి రాసిన గీతాల పుస్తకంలో, పావురం రూపంలో వచ్చిన పరిశుద్ధాత్మ ప్రేరణతో గ్రెగరీ చెబుతూ ఉంటే లేఖకుడు రాసుకుంటున్న బొమ్మ ఉంది. బొమ్మ ముచ్చటగా ఉన్నా నమ్మదగినది కాదు; గ్రెగరీ సమకాలికుడైన సెవిల్ బిషప్ ఇసిడోర్, స్వరాలను రాయడం సాధ్యం కాదు కనుక మనిషి గుర్తుంచుకోకపోతే అవి నశిస్తాయని స్పష్టంగా చెప్పాడు.

అసలు కథ 8వ శతాబ్దంలో, ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన నడిచింది. ఇటలీలో పాలిస్తున్న లంబార్డుల తెగ ఒత్తిడికి తాళలేక పోప్ రెండవ స్టీఫెన్ సాయం కోరుతూ నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలుతున్న ఫ్రాంకుల రాజు పెపిన్ దగ్గరికి స్వయంగా వెళ్లాడు. ఆ స్నేహం బలపడిన కొద్దీ పెపిన్ గాలికన్ అనే స్థానిక ఆరాధనా పద్ధతిని పక్కనపెట్టి రోమన్ ఆరాధనా పద్ధతిని తెచ్చాడు. ఆయన కొడుకు షార్లమేన్, మతగురువులందరూ రోమన్ గానాన్ని నేర్చి తీరాలని 789లో ఆజ్ఞాపించాడు. అయితే స్వరలిపి లేని రోజుల్లో వేల గీతాలను నోటితో నేర్పి, చెవితో పట్టుకోవాలి. తేడాలు రాక తప్పలేదు, నిందలూ తప్పలేదు. ఉత్తరాది తాగుబోతుల మోటు గొంతులు మా పాటను పాడుచేశాయని రోములో జాన్ డీకన్ రాస్తే, రోము నుంచి వచ్చిన గాయకులే అసూయతో తలోరకంగా నేర్పారని సెయింట్ గాలెన్‌కు చెందిన నోట్కర్ రాశాడు. ఇద్దరిలో ఎవరినీ పూర్తిగా నమ్మనక్కర్లేదు.

రోములోని సాంటా చెచీలియా చర్చి కోసం 1071లో తయారైన పుస్తకం ఈ తేడాలకు గట్టి సాక్ష్యం. అందులో గీతాల మాటలు చాలావరకు గ్రెగోరియన్ గానంలోవే, బాణీలు మాత్రం వేరు. రోమన్ బాణీలు ఫ్రాంకుల నోళ్లలో పడి మారినదే గ్రెగోరియన్ గానమని, దాని ప్రతిష్ఠ కోసమే గ్రెగరీ పేరు ముందుకు వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది అంటారు; నాకూ అదే సబబుగా తోస్తుంది.

పాటను నోటితోనే నేర్పాల్సిన ఇబ్బందే స్వరలిపికి దారితీసింది. సెయింట్ గాలెన్‌లో 10వ శతాబ్దం తొలినాళ్ల పుస్తకంలో అక్షరాల మీద సన్నని గీతలు కనిపిస్తాయి. స్వరం ఎటు కదులుతుందో అవి చెబుతాయి కానీ ఎంత ఎత్తుకో చెప్పవు, అంటే పాట ముందే వచ్చినవాడికే పనికొస్తాయి. 11వ శతాబ్దంలో ఇటలీలోని అరెజ్జోకు చెందిన సన్యాసి గైడో అడ్డగీతలు గీసి స్వరస్థానాలను స్థిరపరిచాడు. పదేళ్లు పట్టే చదువును ఏడాదికి, మహా అయితే రెండేళ్లకు కుదించానని ఆయన మిత్రుడికి ఉత్తరం రాశాడు.