నయాగరా దారిలో ఆగవలసిన చోటు

సభకు నమస్కారం.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులలో చాలామంది న్యూయార్క్ నగరం చూసి, నయాగరా ముందు ఫొటోలు దిగి తిరిగి వచ్చేస్తారు. ఆ రెండింటి నడుమ, అదే న్యూయార్క్ రాష్ట్రంలో, ఫింగర్ లేక్స్ అనే సీమ ఉంది. ఉత్తర దక్షిణాలుగా సన్నగా, పొడవుగా సాగిన 11 సరస్సులు, వాటి ఒడ్డున ద్రాక్షతోటలు, ఊరికో జలపాతం ఉన్న ఆ సీమ గురించి ఈ సాయంత్రం మీకు చెప్పదలచుకున్నాను. వేటికవి వేరుగా కనిపించే ఈ వింతలన్నిటికీ మూలం ఒక్కటే: మంచు.

హిమయుగంలో ఉత్తరం నుంచి దిగిన మంచు పలకలు అక్కడి పాత నదీలోయలను గీరి గీరి లోతు చేశాయి. సెనెకా సరస్సు లోతు సుమారు 188 మీటర్లు. దాని అడుగు సముద్రమట్టం కంటే కిందనే ఉంటుంది. పెద్ద లోయలు ఇలా దిగిపోగా, వాటిలో కలిసే చిన్న వాగుల లోయలు పైనే ఉండిపోయాయి. ఆ వాగులు సరస్సును చేరాలంటే దూకక తప్పదు. టగానక్ జలపాతం 215 అడుగుల ఎత్తు నుంచి ఒక్క దూకులో పడుతుంది. ఎత్తులో నయాగరాను మించినది. అయితే తలకోన చూసిన మనకు ఎత్తు గొప్పగా తోచదు. తోచేది వాట్కిన్స్ గ్లెన్. అక్కడ పలచని పొరలు పొరలుగా ఉన్న మెత్తని రాతిని వాగు కోసుకుంటూ పోయి, రెండు మైళ్ల లోపే 19 జలపాతాలను తీర్చింది. ఒకచోట బాట నీటి తెర వెనుక నుంచి పోతుంది; ఎండాకాలంలో కూడా మెట్లు తడిగానే ఉంటాయి.

ఇక ద్రాక్ష. గడ్డకట్టే చలిలో ఆ తీగ ఎలా బతుకుతుందన్నది న్యాయమైన సందేహమే. లోతైన సరస్సు వేసవి వేడిని పట్టి ఉంచుకుని చలికాలంలో మెల్లగా విడుస్తుంది. వసంతంలో అదే నీరు చల్లగా ఉండి చిగుళ్లను తొందరపడనివ్వదు కనుక ఆలస్యపు మంచు వాటిని కాల్చదు. అందుకే తోటలన్నీ సరస్సు వాలులనే పట్టుకుని ఉన్నాయి. ఇంత అనుకూలత ఉన్నా, మేలిరకపు యూరప్ ద్రాక్ష అక్కడ నిలవదనే చాలాకాలం నమ్మారు. ఉక్రెయిన్‌లో పుట్టి 1951లో అమెరికాకు వలస వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, చలిని తట్టుకునే వేరుమొక్కకు అంటుకడితే నిలుస్తుందని పట్టుబట్టి, క్యూకా సరస్సు ఒడ్డున నాటి, 1962లో సొంత ద్రాక్షసారా కేంద్రం స్థాపించారు. ఇప్పటికీ శీతకాలానికి ముందు అంటు దగ్గర మట్టి ఎగదోసి, వసంతంలో తీసేస్తారు. అంటుమామిడి పెంచిన చిత్తూరు రైతుకు ఆ తోటలో వివరించి చెప్పవలసింది పెద్దగా ఉండదు. సారా ముట్టని వారికి కాంకర్డ్ ద్రాక్షరసం దొరుకుతుంది.

ఊళ్లు కూడా నీటి చలవే. జెనెసీ నది జలపాతాల బలంతో పిండిమరలు తిరిగి, 1825లో పూర్తయిన ఈరీ కాలువ మీద ఆ పిండి ఎగుమతై రోచెస్టర్ నగరమైంది. ఆ తరువాత కోడాక్ అక్కడే పుట్టింది. ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాగుల లోయల మీదనే కట్టినట్టుంటుంది. సెనెకా ఫాల్స్‌లో 1848లో మహిళా హక్కుల మహాసభ జరిగింది. ఒక మాట మాత్రం మరువకూడదు: సెనెకా, మరో సరస్సైన కయూగా అనేవి అక్కడి మూలవాసుల పేర్లు. 1779లో అమెరికా సైన్యం వారి ఊళ్లను, పంటలను, పండ్లతోటలను తగలబెట్టింది. తోటల అందాన్ని వర్ణించే పర్యాటక పత్రాలలో ఈ సంగతికి చోటు తక్కువ.

ప్రయాణానికి అక్టోబరు మొదటి పక్షం మేలు. ద్రాక్షకోత సాగుతుంటుంది, ఆకులు రంగు మారుతుంటాయి. చలికాలంలో వాట్కిన్స్ గ్లెన్ లోయబాట మూసివేస్తారు. అక్కడ ఎనిమిది వందలకు పైగా మెట్లున్నాయి. అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవారికి అది లెక్కలోది కాదు. మోకాళ్ల నొప్పులున్నవారు టగానక్‌కు వెళ్లండి, జలపాతం అడుగు వరకు బాట దాదాపు చదునుగానే ఉంటుంది.