తినని కప్పకు ముందు నీళ్లు, తర్వాతే తిండి

అందరికీ నమస్కారం. శనివారం మధ్యాహ్నం పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది లైబ్రరీకి వచ్చినందుకు చాలా సంతోషం. ముందే ఒక మాట చెప్పాలి. నేను జంతువుల డాక్టర్ని కాను. పదకొండేళ్లుగా ఇంట్లో చెట్టుకప్పను పెంచుతున్న ఒక అమ్మను, అంతే. ఈ మధ్య నెల రోజుల్లో నాకు ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ అడిగింది ఒక్కటే: "అక్కా, మా కప్ప తినడం లేదు, ఏం పెట్టమంటారు?" ఇవాళ్టి మాటలన్నీ ఆ ప్రశ్న గురించే.

ఇప్పుడే ఏమీ పెట్టకండి. అదే నా జవాబు. అది వినగానే ఫోన్లో ముగ్గురూ కాసేపు మాట్లాడలేదు. నాకు అర్థమవుతుంది. మన ఇళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే నోట్లోంచి మొదట వచ్చే మాట "ఏమన్నా తిన్నావా?" అనే. జ్వరమొస్తే జావ కాస్తాం, పథ్యం వండుతాం, వద్దన్నా రెండు ముద్దలు పెడతాం. కడుపు నిండితే సగం జబ్బు పోయినట్టే అనుకుంటాం. ఆ ప్రేమతోనే నేను మా కప్పను దాదాపు చంపుకున్నాను.

దాని పేరు బొండా. 2014లో మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా తెచ్చుకున్నాం. గుండ్రంగా, పచ్చగా, ఎప్పుడూ నవ్వుతున్నట్టు ఉండే మొహం. ఇది ఆస్ట్రేలియా జాతి. జాన్ వైట్ అనే నౌకాదళ వైద్యుడు 1790లో దీని గురించి మొదట రాశాడు. అందుకే ఇక్కడ అమెరికాలో వైట్స్ ట్రీ ఫ్రాగ్ అంటారు. బాగా చూసుకుంటే పదిహేనేళ్లు దాటి బతుకుతుంది. పిల్లలకు కొనిచ్చే ముందు ఆ లెక్క పెద్దవాళ్లు వేసుకోవాలి. పిల్లలు కాలేజీకి వెళ్లిపోతారు, కప్ప మనతో ఉంటుంది.

2021 ఫిబ్రవరిలో మన టెక్సాస్‌లో వచ్చిన మంచు తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 15వ తేదీ తెల్లవారుజామున మా వీధిలో కరెంటు పోయింది. మర్నాటికి ఇల్లు 48 ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 9 సెల్సియస్‌కి పడిపోయింది. పిల్లల్ని దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టాం. బొండా టాంకులో దీపం లేదు, హీటర్ లేదు. అది ఒక మూల ముడుచుకుపోయి, ఆకుపచ్చ రంగు పోయి గోధుమ రంగుకి మారిపోయింది. పాపం నీరసపడింది, ఏదైనా తింటే ఒంట్లో వేడి పుడుతుందని నాకు అనిపించింది. ట్వీజర్‌తో నోరు తెరిచి ఒక పెద్ద క్రికెట్ పురుగును, అంటే కీచురాయిని, లోపల పెట్టాను. మింగింది. నేను సంతోషించాను. మూడో రోజు పొద్దున ఆ పురుగును అలాగే, కొంచెం కూడా అరగకుండా, కుళ్లిన వాసనతో కక్కేసింది.

మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. కప్పకు ఆ ఏర్పాటు లేదు. చుట్టూ గాలి ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ అంతే. చల్లబడితే పొట్టలో అరుగుదల ఆగిపోతుంది. లోపల పడింది తిండి కాదు, కుళ్లిపోయే సరుకు. అందుకే నీరసంగా ఉన్న కప్ప దగ్గర మొదట చూడాల్సింది థర్మామీటర్. ఈ జాతికి పగలు 75 నుంచి 82 ఫారెన్‌హీట్ దాకా ఉండాలి, అంటే 24 నుంచి 28 సెల్సియస్. రాత్రి కొంచెం తగ్గినా ఫర్వాలేదు. కరెంటు లేకపోతే గోరువెచ్చని నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి డబ్బా పక్కన పెట్టండి. డబ్బా లోపల కాదు, పక్కన. వేడి రాయి, హీటింగ్ ప్యాడ్ మీద నేరుగా కూర్చోబెడితే పొట్ట చర్మం కాలిపోతుంది.

వెచ్చదనం తర్వాత నీళ్లు. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల మధ్య పల్చటి చర్మం ఉంటుంది, దానితోనే పీల్చుకుంటుంది. మాది మహబూబ్‌నగర్ వైపు పల్లె. వానలు పడని ఏడాది పిల్లలు రోకలికి వేపమండలు కట్టి, దానికి కప్పను కట్టి కప్పతల్లి అంటూ ఇంటింటికీ తిప్పేవారు. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు దాని మీద చెంబుతో నీళ్లు పోసేవారు. మా నానమ్మ మాత్రం పోస్తూ పోస్తూ, "తొందరగా ఇప్పి బావి దగ్గర వదలండిరా, దాని ఒళ్లు ఎండుతుంది" అని అరిచేది. కప్పకు ఒళ్లు ఎండడమంటే దాహమేనని, నానమ్మ మాటకు అర్థం అదేనని నాకు ముప్పై ఏళ్ల తర్వాత బొండా దగ్గర తెలిసింది.

తుఫాను తగ్గాక డాక్టర్ల కోసం వెతికాం. మొదట వెళ్లిన చోట "మేం కప్పల్ని చూడం" అన్నారు. ఎగ్జాటిక్ జంతువుల్ని, అంటే కుక్క, పిల్లి కాని పెంపుడు ప్రాణుల్ని చూసే వెట్‌ను వెతకాలని అప్పుడు తెలిసింది. సరీసృపాల్ని, కప్పల్ని చూసే డాక్టర్ల సంఘం ఏఆర్ఏవీ (ARAV) వాళ్ల దగ్గర ఊరు వారీగా డాక్టర్ల జాబితా ఉంటుంది. కప్పకు బాగున్నప్పుడే ఒకరిని చూసి పెట్టుకోండి, జబ్బు చేశాక వెతికే టైం ఉండదు. చివరికి మాకు దొరికిన డాక్టరమ్మ బొండాను తూకం వేసింది. శీతాకాలం ముందు 38 గ్రాములు ఉండేది, ఇప్పుడు 31. దాని కింది దవడను వేలితో తాకి చూపించింది. రబ్బరులా వంగుతోంది. నేను ట్వీజర్‌తో తెరిచింది ఆ దవడనే. విరగకపోవడం నా అదృష్టం.

ఎముకల్లో కాల్షియం తరిగిపోయిందన్నమాట. చలి దానికి కారణం కాదు, అది అంతకు ముందు చాలా నెలల నుంచి జరుగుతున్నదే. క్రికెట్ పురుగుల్లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. అందుకే కాల్షియం, విటమిన్ డి3 పొడి అద్ది పెడతాం. నేనూ అద్దేదాన్ని. కానీ ఆ డబ్బా తెరిచి ఏడాదిన్నర అయింది. తెరిచాక కొన్ని నెలలకే అందులో విటమిన్ల బలం తగ్గిపోతుంది. ఆరు నెలలకోసారి కొత్తది కొనాలి. టాంకులో పెట్టే యూవీబీ (అతినీలలోహిత) దీపం కూడా అంతే, వెలుగుతూనే ఉంటుంది గానీ అందులోంచి రావాల్సిన కిరణాలు తగ్గిపోతాయి. ఇంకొకటి, పురుగుకు మనం ఏం పెడితే కప్పకు అదే చేరుతుంది. కొనుక్కొచ్చిన పురుగుల్ని ఆ రోజే వేయకండి. ఒకటి రెండు రోజులు ఆకుకూర, క్యారెట్, పురుగుల మేతగా అమ్మే గట్‌లోడ్ పొడి తినిపించి అప్పుడు వేయండి.

ఆ డాక్టరమ్మ మొదటి నాలుగు రోజులు తిండి వద్దంది. నాకు చాలా టెన్షన్ పడింది. ఏడు గ్రాములు తగ్గిన ప్రాణికి ఇంకా పస్తులా? కానీ ఆమె చెప్పింది నిజం. ఎండిపోయిన ఒంటికి తిండి పడితే దాన్ని అరిగించడానికి ఉన్న కాస్త నీరూ ఖర్చయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కప్ప రెండు వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. పిల్ల కప్ప తట్టుకోలేదు, దాన్ని రెండు మూడు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

టాంకు పక్కన పెట్టి బొండాను ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. అడుగున బ్లీచ్ చేయని పేపర్ టవల్ తడిపి పరిచాం, దాక్కోవడానికి ఒక చిన్న గిన్నె బోర్లించాం. మట్టి, గులకరాళ్లు, బెరడు ముక్కలు ఏవీ లేవు. జబ్బు కప్పకు ఇలాంటి ఖాళీ డబ్బానే ఆసుపత్రి. పేపర్ రోజూ మార్చాలి, ఎందుకంటే దాని మూత్రంలోని అమ్మోనియాను అదే చర్మం మళ్లీ పీల్చుకుంటుంది. విరేచనం ఎలా ఉందో కూడా తెల్ల కాగితం మీద తెలిసిపోతుంది. రోజుకు రెండుసార్లు 20 నిమిషాలు డాక్టరమ్మ ఇచ్చిన రింగర్స్ ద్రావణంలో, అంటే లవణాలు కలిపిన నీళ్లలో, కూర్చోబెట్టేవాళ్లం. లోతు దాని గడ్డం కిందికే ఉండాలి, నీరసపడిన కప్ప నీళ్లలో మునిగిపోగలదు.

కుళాయి నీళ్ల గురించి ఇక్కడ ప్లేనో, ఫ్రిస్కో వాళ్లు జాగ్రత్తగా వినాలి. బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుందని అందరం అనుకుంటాం. నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ మనకిచ్చే నీళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది క్లోరమైన్, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు. అది నిలవ ఉంచితే పోదు. అక్వేరియం వాళ్లు వాడే వాటర్ కండిషనర్ తప్పకుండా కలపాలి. మీ చేతులకున్న సబ్బు, శానిటైజర్, లోషన్ కూడా నేరుగా దాని ఒంట్లోకి వెళ్తాయి. పౌడర్ లేని గ్లౌజులు తడిపి తొడుక్కోండి.

ఐదో రోజు సాయంత్రం తిండి మొదలు పెట్టాం. ముందు అదే తింటుందేమో చూడాలి. చీకటి పడే వేళ, ఇల్లు సద్దుమణిగాక, మెత్తటి పురుగును చిదిమి పెదవి దగ్గర నెమ్మదిగా ఆడించాను. ఆ రసం తగిలితే కొన్ని కప్పలు నోరు తెరుస్తాయి. బొండా తెరవలేదు. అప్పుడు డాక్టరమ్మ నేర్పిన పద్ధతి చేశాం. దానికి ఇద్దరు కావాలి. మా ఆయన తడి గ్లౌజులతో మెల్లగా పట్టుకున్నారు. నేను పల్చటి మెత్తటి ప్లాస్టిక్ కార్డు మూలను పెదవుల మధ్య ఆనించి ఆగాను. తోయలేదు, ఆగాను. కాసేపటికి అదే నోరు తెరిచింది. జబ్బుపడిన మాంసాహార జంతువుల కోసం చేసే పొడిని నీళ్లలో పల్చగా కలిపి, సూది లేని సిరంజితో చుక్క చుక్కగా నాలుక మీద వేశాను. నోటి అడుగున, నాలుక వెనక, ఊపిరి తీసుకునే రంధ్రం ఉంటుంది. గబుక్కున పోస్తే అందులోకి వెళ్తుంది. మొత్తం అర మిల్లీలీటరు, రోజు విడిచి రోజు. మీ కప్పకు ఎంత అనేది దాని బరువు చూసి డాక్టరే చెప్పాలి, నా లెక్క వాడకండి. మెత్తబడిన దవడ ఉన్న కప్పకు అయితే మీరు సొంతంగా ఈ పని అసలు చేయొద్దు.

మింగేటప్పుడు దాని కళ్లు రెండూ లోపలికి దిగిపోతాయి. మొదటిసారి చూసి భయపడ్డాను. కప్ప తన కనుగుడ్లతో కూడా ఆహారాన్ని గొంతులోకి నెడుతుంది. ఆ కళ్లు దిగి మళ్లీ పైకి వచ్చాయంటే ముద్ద దిగిందన్నమాట. ఆ తర్వాత మూడు వారాలు నేను ఎదురుచూసింది ఆ కళ్ల కోసమే.

తినకపోవడానికి ఇంకా కారణాలు ఉంటాయి. నాలుక విసురుతుంది గానీ పురుగు అంటుకోదు. దానికి ఆకలి లేదని కాదు, విటమిన్ ఏ తక్కువైందని అనుమానించాలి. గులకరాయి మింగి అడ్డం పడి ఉండొచ్చు. తొడలు, పొట్ట ఎర్రబడితే రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్లి ఉండొచ్చు. బుడగలా ఉబ్బినా, వెల్లకిలా పడి తిరగలేకపోయినా, కాళ్లు వణుకుతున్నా మర్నాటి దాకా ఆగకండి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ భయం కైట్రిడ్ అనే బూజు. 1998లో ఆస్ట్రేలియా, పనామా అడవుల్లో కప్పలు చచ్చిపోతుంటే శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. అది చర్మంలో చేరి ఒంట్లోని లవణాల లెక్క తప్పిస్తుంది, చివరికి గుండె ఆగిపోతుంది. 2009లో ఈ సంగతి రుజువైంది మన బొండా జాతి కప్పల మీదే. ప్రపంచంలో కనీసం 501 జాతులు దీని వల్ల తగ్గిపోయాయని, 90 జాతులు అంతరించి ఉంటాయని 2019లో లెక్క తేల్చారు. చర్మం పొరలు పొరలుగా ఊడుతుంటే, పగలు బయటే మత్తుగా కూర్చుంటే స్వాబ్ పరీక్ష, అంటే చర్మాన్ని దూది పుల్లతో తుడిచి చేసే పరీక్ష, చేయించండి. తొందరగా తెలిస్తే మందు ఉంది. అందుకే పెంచలేకపోయినా, చచ్చిపోతుందనిపించినా, కప్పను గానీ దాని నీళ్లను గానీ పెరట్లో, వాగులో వదలొద్దు. ఇండియాలో ఉన్న బంధువుల పిల్లలకు కూడా ఒక మాట చెప్పండి. వానాకాలం బాత్రూముల్లోకి వచ్చే మన చెట్టుకప్పను పట్టి డబ్బాలో పెట్టొద్దు. అది అడవి ప్రాణి.

పిల్లలూ, మీ ఉత్సాహం నాకు తెలుసు. పెరట్లో పట్టిన పురుగులు వేయొద్దు, వాటి ఒంటి మీద మందులు ఉంటాయి. మిణుగురులు అసలు వద్దు, అవి విషం. రాత్రి మిగిలిన క్రికెట్లు తీసేయండి, నీరసంగా ఉన్న కప్ప చర్మాన్ని అవి కొరుకుతాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. 2008 నుంచి 2011 దాకా ఈ దేశంలో చిన్న నీటికప్పల వల్ల మూడు వందల మందికి పైగా సాల్మొనెల్లా సోకింది, ఎక్కువమంది చిన్నపిల్లలే. ఐదేళ్ల లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే వాళ్లను కప్ప దగ్గరికి రానివ్వకండి.

మార్చి 20 రాత్రి మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటుంటే టప్‌మని చప్పుడైంది. బొండా డబ్బా గోడ మీద నుంచి దూకి క్రికెట్‌ను పట్టుకుంది. కళ్లు దిగాయి, పైకి వచ్చాయి. అమ్మాయి గ్రాముల తూకం తెచ్చింది. 33.

ఆ తూకం ఈ బల్ల మీదే ఉంది. డబ్బా, కార్డు, సిరంజి, వాటర్ కండిషనర్ సీసా కూడా తెచ్చాను, వచ్చి పట్టుకుని చూడండి. బొండా ఎక్కడని ఇందాక ముందు వరుసలో పాప అడిగింది. అది ఇంట్లో ఉందమ్మా. ఇంత వెలుతురు, ఇన్ని చేతులు దానికి పడవు. ఈ టైంకి ఆకు కింద నిద్రపోతూ ఉంటుంది.